బెంగళూరులో ఏ ఏరియా భద్రం? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ల నుంచి, పిల్లల్ని అక్కడికి పంపిస్తున్న ఇళ్ల నుంచి వచ్చినవే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఐదుగా చేశాం.

ప్రశ్న: మా అమ్మాయికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది. కుందలహళ్లి దగ్గర పీజీ చూశాం. నెట్‌లో వెతికితే ఆ ఏరియాలో క్రైమ్ రేటు ఎక్కువని ఒకచోట, తక్కువని ఇంకోచోట ఉంది. ఏది నమ్మమంటారు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: రెండూ నమ్మకండి. క్రైమ్ రేటు అంటే లక్ష జనాభాకి ఎన్ని కేసులు నమోదయ్యాయన్న లెక్క. జాతీయ నేర రికార్డుల బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, 20 లక్షల జనాభా దాటిన 19 మహానగరాలకి ఈ లెక్క వేస్తుంది. అందులో బెంగళూరు మొత్తానికీ ఒకటే అంకె. కుందలహళ్లికి వేరే, జయనగర్‌కి వేరే ఉండదు. పోలీసులు కేసులు లెక్కపెట్టేది స్టేషన్ల వారీగా. ఒక్కో స్టేషన్ పరిధిలో ఎంతమంది ఉంటున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి అక్కడ 'రేటు' కట్టే వీలే లేదు. వెబ్‌సైట్లలో ఏరియాలకి వేసే మార్కులు చాలావరకు చూసినవాళ్లు నొక్కిన అభిప్రాయాలే.

కేసుల సంఖ్యను కూడా జాగ్రత్తగా చదవాలి. ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు సెక్షన్లున్నా ఎన్‌సీఆర్‌బీ వాటిలో పెద్ద నేరాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అడిగినవాళ్లకల్లా ఎఫ్‌ఐఆర్ రాసే స్టేషన్ కాగితం మీద చెడ్డగా కనిపిస్తుంది. జనాన్ని తిప్పి పంపే స్టేషన్ ప్రశాంతంగా కనిపిస్తుంది. పైగా ఆఫీసులు ఎక్కువున్న చోట వ్యాపార భాగస్వాముల మధ్య మోసం కేసులు బోలెడు ఉంటాయి. రాత్రి షిఫ్టు దిగి నడిచొచ్చే మీ అమ్మాయికి వాటితో పనిలేదు. మీకు కావలసినవి నాలుగే: చెయిన్లూ ఫోన్లూ లాక్కెళ్లడాలు, దోపిడీలు, రాత్రిపూట ఇళ్లలో చోరీలు, మహిళలను వేధించిన కేసులు.

ఇవి సమాచార హక్కు కింద అడగొచ్చు. ముందు పీజీ ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. అడ్రసులో మారతహళ్లి అని ఉన్నా స్టేషన్ హెచ్‌ఏఎల్‌ది కావచ్చు. పక్క వీధివాళ్లకి తెలిసే ఉంటుంది. దరఖాస్తులో 'గత మూడేళ్లలో మీ స్టేషన్‌లో ఈ నాలుగు రకాల కేసులు నెలవారీగా ఎన్ని నమోదయ్యాయి, ఎన్నింటిలో చార్జిషీటు వేశారు' అని మాత్రమే రాయండి. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, 150 పదాలు దాటకూడదు. చాలామంది దరఖాస్తులు తిరిగొచ్చేది ఇక్కడే. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఏ కేసులో ఎవరు అనే వివరాలు అడిగితే ఇవ్వరు, అంకెలు అడిగితే ఇస్తారు.

అంత సమయం లేదంటే ఒక రాత్రి వెళ్లి చూడండి. తొమ్మిదిన్నర దాటాక, మెట్రో స్టేషన్ నుంచో ఆఫీసు క్యాబ్ దింపే చోటు నుంచో పీజీ గేటు దాకా నడవండి. పగలు చూసి అడ్వాన్స్ కట్టేస్తే సగమే చూసినట్టు. వరసగా రెండు వీధిలైట్లు వెలగకపోవడం, ప్రహరీ లేని ఖాళీ సైటు, షట్టర్లు దించేసిన గోడౌన్ల వరస... వీటిలో ఏది ఉన్నా వేరే దారి ఉందేమో చూడండి. మెడికల్ షాపు, కిరాణా, ఇస్త్రీ బండి రాత్రి పది దాకా ఉండే వీధి మేలు.

ఇక పీజీ సంగతి. కోరమంగలలోని ఒక పీజీలో 2024 జులైలో జరిగిన హత్య తర్వాత అప్పటి నగరపాలక సంస్థ నిబంధనలు జారీ చేసింది. మనిషికి 70 చదరపు అడుగుల చోటు, రాకపోకల దారుల్లో, కారిడార్లలో సీసీ కెమెరాలు, 90 రోజుల రికార్డింగ్ అందులో ఉన్నాయి. 2025 సెప్టెంబరు నుంచి ఆ సంస్థ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీరు చూసిన ప్రాంతం తూర్పు కార్పొరేషన్‌లోది. ట్రేడ్ లైసెన్స్ చూపించమని అడగండి. వార్డెన్ కెమెరాలు చూపిస్తే సరిపెట్టుకోకండి. నెల కిందటి ఏదో ఒక తేదీ చెప్పి, ఆ రాత్రి రికార్డింగ్ తీసి చూపించమనండి. సగం చోట్ల 'హార్డ్‌డిస్క్ రిపేరులో ఉందండీ' అన్న జవాబు వస్తుంది. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల వేలిముద్రలు గేటు మెషిన్‌లోంచి తీసేశారా? గదికి సొంత తాళం వేసుకోనిస్తారా? కిటికీ తెరిచి, పక్క బిల్డింగు డాబా ఎంత దూరమో చూడండి. బెంగళూరులో బిల్డింగుకీ బిల్డింగుకీ మధ్య మూడడుగులు ఉంటే గొప్ప. చేయి చాస్తే అందే డాబా ఉన్నప్పుడు ఆ కిటికీకి గ్రిల్ లేని గది వద్దు.

ప్రశ్న: కేఆర్ పురంలో మొదటి అంతస్తులో ఉంటాం. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తున్నాం. ఓనర్ సీసీ కెమెరాలు పెట్టించారు. ఇంకేం జాగ్రత్తలు కావాలి?
– ఒక గృహిణి, కేఆర్ పురం

జవాబు: పండగ వారం టిన్ ఫ్యాక్టరీ బస్టాపు దగ్గర నిలబడి చూస్తే మీ వీధి వీధంతా ఆంధ్రా బస్సులెక్కుతూ కనిపిస్తుంది. ఈ సంగతి దొంగలకీ తెలుసు. వాళ్లు మొదట వెతికేది బయటికి వేలాడే తాళం కప్ప. అది కనబడితే ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. తలుపులో ఇమిడిపోయే తాళం వేయించుకోండి. అయితే తాళం ఎంత ఖరీదైనదైనా, గడి దిగే ఇనుప పట్టీని ముప్పావు అంగుళం స్క్రూలతో ద్వారబంధానికి బిగిస్తే రాడ్డుతో ఒక్క పోటుకే చెక్కతో సహా ఊడొస్తుంది. తలుపు పగలడం అరుదు, ఊడేది ఈ పట్టీయే. కార్పెంటర్‌ని పిలిచి రెండున్నర అంగుళాల స్క్రూలు వేయించండి. అరగంట పని. తలుపు పైనా కిందా మరో రెండు గడులుంటే ఇంకా మంచిది.

తాళంచెవి చెప్పుల స్టాండులో, కరెంటు మీటరు పెట్టెలో, తులసి కుండీ కింద పెట్టొద్దు. దొంగ కూడా మొదట అక్కడే చూస్తాడు. పాలు, పేపరు ఆపించండి. పక్కింటివాళ్లతో మీ గుమ్మం ముందు ముగ్గు వేయించగలిగితే సగం రక్షణ. బాల్కనీ తలుపు మరచిపోకండి. మొదటి అంతస్తుకి డ్రైనేజీ పైపే నిచ్చెన.

ఆంధ్రలో తాళం వేసిన ఇళ్ల కోసం పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ మీరు వినే ఉంటారు. ఇక్కడైతే నేరుగా మీ స్టేషన్‌కి వెళ్లి చిరునామా, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, పక్కింటివాళ్ల నంబరు రాసిచ్చి, ఆ వీధి బీట్ పోలీసుకి చెప్పమనండి. వాట్సాప్ స్టేటస్‌లో భోగి మంటల ఫొటోలు మాత్రం తిరిగొచ్చాకే పెట్టండి.

కెమెరాల విషయం కాస్త లెక్కగా చూద్దాం. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకి 86 జీబీ. ఒక టీబీ డిస్క్‌లో పట్టేది 1,000 జీబీ, అంటే దాదాపు పదకొండున్నర రోజుల్లో నిండి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. మీరు వెళ్లిన రాత్రే దొంగతనం జరిగి, పది రోజుల తర్వాత వచ్చి తలుపు తీస్తే, ఆ దృశ్యం చెరిగిపోవడానికి ఒకటిన్నర రోజే మిగులుతుంది. రెండు టీబీల డిస్క్ వేయించమని ఓనర్‌ని అడగండి. కెమెరా పన్నెండడుగుల ఎత్తులో పెడితే టోపీలు, జుట్టు తప్ప ముఖం రాదు. ఎనిమిది, తొమ్మిది అడుగులు చాలు. కెమెరా ముందు సాలెగూడు ఉంటే రాత్రి తెల్లటి మసక తప్ప ఏమీ కనబడదు. డీవీఆర్, అంటే రికార్డు చేసే పెట్టె, గడియారం సరిగ్గా ఉందో చూడండి. గంట తేడా ఉన్నా కోర్టులో ప్రశ్నలొస్తాయి. డీవీఆర్ మెట్ల కింద పెట్టారా? అయితే దాన్ని కూడా ఎత్తుకుపోతారు.

నగలు లాకర్‌లో పెట్టండి. బ్యాంకు లాకర్‌లో దొంగతనం జరిగినా, సిబ్బంది మోసం చేసినా, బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. 2022 జనవరి నుంచి ఇదే రిజర్వ్ బ్యాంకు నియమం. అందుకని బిల్లులు, ఒక్కో నగ బరువు గ్రాముల్లో, ఫొటోలు విడిగా దాచుకోండి. చోరీ జరిగిందని తెలిస్తే బీరువా ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి. సర్దేశాక వేలిముద్రలవాళ్లు వచ్చినా చేసేదేం ఉండదు.

ప్రశ్న: గుంటూరు రిజిస్ట్రేషన్ బండి, నాన్నగారి పేరు మీద ఉంది. ఇంటి ముందు పెట్టింది తెల్లారేసరికి లేదు. స్టేషన్‌లో 'రెండ్రోజులు వెతుక్కుని రండి' అన్నారు. ఏం చేయాలి?
– ఒక ఉద్యోగి, బీటీఎం లేఅవుట్

జవాబు: ఆ రెండ్రోజులు మీకు నష్టం. టోయింగ్‌లో పోయిందేమో, లోన్ బాకీ కోసం ఫైనాన్స్‌వాళ్లు తీసుకెళ్లారేమో ఒక గంటలో కనుక్కుని, వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. బండి నాన్నగారిదైనా ఫిర్యాదు మీరివ్వొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టొచ్చు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు పోలీసులకి ఉంది గానీ, దానికి డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగించాలి. నోటిమాటగా 'తర్వాత రండి' అనడం అందులోకి రాదు. తీసుకోకపోతే అదే ఫిర్యాదు డీసీపీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. ఆ తర్వాతి మెట్టు మేజిస్ట్రేటు.

బీమా కంపెనీకి అదే రోజు చెప్పండి. పోలీసులకి వెంటనే చెప్పి కంపెనీకి ఆలస్యంగా చెప్పినంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు అన్నది నిజమే, అయినా ఆ పోరాటం ఎందుకు? వాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటి పోయి ఉంటే ఎప్పుడు, ఎలా పోయిందో ముందే రాసివ్వండి. బండి దొరకలేదని పోలీసులు కోర్టుకిచ్చేదాన్ని కర్ణాటకలో 'సి రిపోర్ట్' అంటారు. క్లెయిమ్ డబ్బు చాలాసార్లు దాని దగ్గరే ఆగుతుంది, నెలనెలా అడుగుతూ ఉండాలి. 'బి రిపోర్ట్' అంటే ఫిర్యాదే తప్పని అర్థం, కాగితం మీద ఏ అక్షరం ఉందో చూసుకోండి. క్లెయిమ్ ఫారాల మీద నాన్నగారి సంతకాలే కావాలి.

ప్రశ్న: సైబర్ నేరాల్లో బెంగళూరు దేశంలోనే మొదటి స్థానం అంటున్నారు. ఇక్కడ అంత ప్రమాదమా? డబ్బు పోతే వస్తుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మొదటి స్థానం నిజమే. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2022లో 9,940 కేసులు, 2023లో 17,631. మహానగరాల్లో రెండో స్థానం దరిదాపుల్లో కూడా లేదు. కానీ రేటు ఎలా కట్టారో చూడండి. 9,940ని 85 లక్షల జనాభాతో భాగిస్తే లక్షకి 117. ఆ 85 లక్షలు 2011 జనగణనవి! కేసులు ఈనాటివి, జనం ఆనాటివాళ్లు. 2023 కేసులకి అలాగే కడితే 207 వస్తుంది. జనాభా కోటీ 30 లక్షలనుకుని కడితే 136. పాత జనాభా అన్ని నగరాలకీ ఉన్నదే అయినా, వేగంగా పెరిగిన ఊరికే ఎక్కువ దెబ్బ. ఇంకోటి, ఇక్కడ సైబర్ కేసులు చూసే ప్రత్యేక స్టేషన్లున్నాయి. రాసేవాళ్లుంటే రాయించుకునేవాళ్లూ పెరుగుతారు. అలాగని పెరుగుదలంతా కాగితాల మీదే అనుకోవద్దు. జీతాలు, ఆన్‌లైన్ చెల్లింపులు ఎక్కువున్న ఊరిని మోసగాళ్లు వదలరు.

డబ్బు రావడం మీ ఫోన్ వేగం మీద ఆధారపడుతుంది. తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. దొరకకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. చేతిలో ఉండాల్సినవి: డబ్బు పోయిన ఖాతా, మొత్తం, తేదీ, సమయం, 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి నాలుగైదు ఖాతాలకి చీలి నగదుగా బయటికి పోయేలోపు ఆపగలిగితేనే ఆపినట్టు. ఆగిన డబ్బు దానంతట అది రాదు. చాలా కేసుల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టి, బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద కోర్టు నుంచి విడుదల ఆదేశం తెచ్చుకోవాల్సి వస్తుంది. చాలామంది ఇక్కడిదాకా వచ్చి వదిలేస్తారు.

బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మీ తప్పు లేకుండా మూడో వ్యక్తి వల్ల పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకి నష్టం సున్నా. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయింది మీ నష్టం, తెలియజేశాక పోయింది బ్యాంకు నష్టం. పోలీసులమంటూ 'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్ వస్తే మాట్లాడకుండా పెట్టేయండి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

ప్రశ్న: సిల్క్ బోర్డు దగ్గర బస్సెక్కుతుంటే ఫోన్ పోయింది. పోగొట్టుకున్న వస్తువుల కోసం పోలీసులు పెట్టిన ఇ-లాస్ట్‌లో నమోదు చేసేస్తే చాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: జారి పడిపోతే చాలు. జేబులోంచో బ్యాగులోంచో తీస్తే అది దొంగతనం, చేతిలోంచి లాక్కెళ్తే కొత్త శిక్షాస్మృతి, అంటే బీఎన్‌ఎస్, 304వ సెక్షన్ కింద స్నాచింగ్. ఆ రెండింటికీ ఎఫ్‌ఐఆర్ అడగండి. ఇ-లాస్ట్ రసీదు నేరాల లెక్కలోకి రాదు, బీమాకీ పనికిరాదు. ముందు సిమ్ ఆపించి, యూపీఐ ఖాతాల సంగతి బ్యాంకుకి చెప్పండి. తర్వాత పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ సైట్ సీఈఐఆర్‌లో ఫిర్యాదు కాపీ, బిల్లు, గుర్తింపు కార్డు జతచేసి ఫోన్‌ గుర్తింపు సంఖ్యలైన ఐఎంఈఐ నంబర్లు రెండూ బ్లాక్ చేయండి. అవి ఫోన్ పెట్టె మీద ఉంటాయి. ఉన్న ఫోన్‌లో *#06# నొక్కి ఇప్పుడే రాసిపెట్టుకోవడం ఇంకా నయం. కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్‌ఎంఎస్‌లు రావు కాబట్టి ఓటీపీ కోసం ఇంట్లోవాళ్ల నంబరివ్వండి. సైట్ ఇచ్చే రిక్వెస్ట్ ఐడీ పారేయకండి, ఫోన్ దొరికాక అన్‌బ్లాక్ చేయడానికి అదే అడుగుతుంది.