నాన్న ఫ్యాక్టరీ ఎత్తేస్తారట... నేను ఫార్మాలోనే ఉండాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. బీఫార్మసీ చివరి ఏడాది చదువుతున్నాను. మా నాన్న ఒక మాత్రల ఫ్యాక్టరీలో కంప్రెషన్ సెక్షన్‌లో (పొడిని నొక్కి మాత్రలు చేసే చోట) 19 ఏళ్లుగా పర్మినెంట్ ఆపరేటర్. వాళ్ల కంపెనీ ఈమధ్య ఇంకో పెద్ద కంపెనీలో విలీనమైంది. ఈ యూనిట్‌ను ఎత్తేసి వేరే రాష్ట్రంలోని ప్లాంటులో కలిపేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. బంధువులేమో 'అమ్మాయికి ఫార్మా వద్దు, సాఫ్ట్‌వేర్ కోర్సు ఏదైనా చేయించండి' అంటున్నారు. నాకు క్యాంపస్‌లో ఒక ఫార్ములేషన్ కంపెనీ (మాత్రలు, క్యాప్సూళ్ల లాంటివి చేసేది) క్యూఏలో, అంటే నాణ్యతా హామీ విభాగంలో, ఉద్యోగం వచ్చింది. చేరాలా, ఎంఫార్మసీ చేయాలా, అసలు ఈ రంగమే మానేయాలా?

జవాబు: మీ ఉత్తరంలో మీ ఉద్యోగం కన్నా నాన్నగారి గురించిన బెంగే ఎక్కువ కనిపిస్తోంది. రెండూ కలిపి ఆలోచిస్తే తప్పుడు నిర్ణయం వస్తుంది కాబట్టి విడివిడిగా చెబుతాను. ముందు మీ సంగతి.

ఫార్మా మానేయాల్సిన అవసరం లేదు. విలీనం తర్వాత ఒక ఫ్యాక్టరీ మూతపడితే, అక్కడ తయారయ్యే మాత్రను జనం వాడటం మానేశారని కాదు. ఆ మాత్ర ఇంకోచోట తయారవుతుందని. కలిసిన రెండు కంపెనీలకూ సగం ఖాళీగా నడిచే ప్లాంట్లుంటే, రెంటికీ కరెంటు బిల్లులు, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబులు, ఆడిట్లు ఎందుకని ఒకదాన్ని ఎత్తేస్తారు. పోయేది ఆ ఊళ్లో పని. రంగం ఎక్కడికీ పోదు.

దీనికి మన ప్రాంతంతోనూ లంకె ఉన్న ఉదాహరణ ఒకటుంది. మైలాన్ 1961లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టిన కంపెనీ. ఆ రాష్ట్రంలోని మార్గన్‌టౌన్ ప్లాంటు దానికి పుట్టిల్లు లాంటిది. 2020 నవంబరులో మైలాన్, ఫైజర్ నుంచి విడదీసిన అప్‌జాన్ కలిసి వియాట్రిస్ అయ్యాయి. నెల తిరక్కుండానే కొత్త కంపెనీ ఒక ప్రకటన చేసింది: 15 వరకూ ప్లాంట్లను మూసేస్తాం, లేదా తగ్గిస్తాం, లేదా అమ్మేస్తాం, దాదాపు 45,000 మంది సిబ్బందిలో 20 శాతం వరకూ తగ్గొచ్చు అని. ఆ జాబితాలో మార్గన్‌టౌన్ ఉంది, ఐర్లండ్‌లోని బాల్డోయల్ ఉంది, మన దేశంలోని యూనిట్లు కూడా ఉన్నాయి. 2021 జులై ఆఖరుకు మార్గన్‌టౌన్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. సుమారు 1,500 మంది ఉద్యోగాలు పోయాయి. కంపెనీ పుట్టిన చోటన్న మమకారం దాన్ని కాపాడలేదు. అలాగని ఇండియాలో ఖర్చు తక్కువ కాబట్టి ఇక్కడి యూనిట్లకు ఢోకా లేదనుకోవడానికీ లేదు.

ఇందులో మీరు గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. మార్గన్‌టౌన్ కష్టాలు విలీనంతో మొదలు కాలేదు. 2018లోనే అక్కడ కొందరిని తగ్గించారు. అదే ఏడాది నవంబరులో ఆ ప్లాంటుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఇచ్చింది. అప్పటికే అమెరికాలో జెనరిక్ మందుల ధరలు పడిపోతున్నాయి. విలీనం జరిగేసరికి జాబితాలో ఏ పేరు రాస్తారో కొంతవరకు ముందే తేలిపోయిందన్నమాట.

ఇదే కథలో మన వైపు జరిగింది చూడండి. హైదరాబాద్‌లోని మేట్రిక్స్ ల్యాబరేటరీస్‌లో మెజారిటీ వాటాను మైలాన్ 2007 జనవరిలో తీసుకుంది. 2023 అక్టోబరులో వియాట్రిస్ తన ఇండియా ముడిమందుల వ్యాపారాన్ని అమ్ముతున్నట్టు ప్రకటించింది. హైదరాబాద్‌లో మూడు, విశాఖలో మూడు ప్లాంట్లు. కొన్నదెవరంటే, అప్పట్లో మేట్రిక్స్‌ను నడిపిన నిమ్మగడ్డ ప్రసాద్ కుటుంబానికి చెందిన ఐక్వెస్ట్. కంపెనీ పేరు మళ్లీ మేట్రిక్సే! అంటే విలీనమైన ప్రతి చోటా తాళం పడదు. కొన్నిచోట్ల గేటు మీద బోర్డు మారుతుంది, లోపల రియాక్టర్లు మామూలుగానే తిరుగుతుంటాయి.

అందుకే ఉద్యోగంలో చేరేముందు కంపెనీ ఎంత పెద్దదని కాకుండా, మిమ్మల్ని వేసే ప్లాంటు ఎలాంటిదని చూడండి. ఇది మీరు ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, కంపెనీ పేరుతో వెతకండి. క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి సంస్థలు కంపెనీల అప్పుల మీద ఇచ్చే రేటింగ్ నోట్లు ఉచితంగా దొరుకుతాయి. కంపెనీ అప్పు, అమ్మకాలు ఏ దేశాలకు ఎంత, కొన్నిసార్లు ప్లాంటు సామర్థ్యంలో ఎంత వాడుతున్నారు అన్నది కూడా వాటిలో రాస్తారు. మా దగ్గరికొచ్చే పిల్లల్లో వీటిని తెరిచి చూసినవాళ్లు చాలా తక్కువ. ప్యాకేజీ ఎంతన్నది మాత్రం అందరికీ నోటికొచ్చు! ఇక ఆ ప్లాంటులో పనిచేసే సీనియర్లను ఒక్క ప్రశ్న అడగండి: 'ఈమధ్య కొత్త ప్రాడక్టులకు ఎగ్జిబిట్ బ్యాచులు (అనుమతి దరఖాస్తు కోసం తీసే బ్యాచులు) వేస్తున్నారా?' వేస్తుంటే కంపెనీ ఆ ప్లాంటు మీద ఇంకా డబ్బు పెడుతోందని అర్థం. ఉన్న ప్రాడక్టులకే వేరే సైట్ నుంచి టెక్ ట్రాన్స్‌ఫర్ టీములు (తయారీని ఇంకో ప్లాంటుకు మార్చేవాళ్లు) వచ్చి బ్యాచ్ రికార్డుల కాపీలు పట్టుకెళుతుంటే, పాడైన మెషీన్‌కు స్పేర్లు అడిగితే 'చూద్దాం' అంటుంటే జాగ్రత్తపడాలి.

క్యూఏ ఉద్యోగంలో చేరండి అనే నా సలహా. నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, ప్లాంటు మూసే రోజుల్లో కూడా చివరిదాకా పని ఉండేది ఆ విభాగానికే. ఒక మాత్రను వేరే సైట్‌కు మార్చాలంటే ఆ సైట్‌లో బ్యాచులు తీయాలి, వాలిడేషన్ చేయాలి (ప్రతిసారీ ఒకే నాణ్యత వస్తుందని రుజువు చేయాలి), స్టెబిలిటీ డేటా (మాత్ర ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందన్న లెక్క) తయారుచేయాలి, నియంత్రణ సంస్థకు ఫైల్ చేయాలి. ఇవన్నీ క్యూఏ చేతుల మీదుగా పోతాయి. ఉత్పత్తి ఆగిన తర్వాత కూడా మార్కెట్లో ఉన్న బ్యాచుల మీద ఫిర్యాదులొస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. అమెరికాకు పంపిన సరుకైతే శాంపిళ్లను ఎక్స్‌పైరీ దాటాక ఇంకో ఏడాది వరకూ దాచాలి. చేరాక డీవియేషన్లు (పద్ధతి తప్పిన సంఘటనల నమోదు), చేంజ్ కంట్రోల్ (మార్పులకు అనుమతి) దగ్గరే ఆగిపోకుండా వాలిడేషన్, సైట్ ట్రాన్స్‌ఫర్ పనులు ఎక్కడ జరిగితే అక్కడికి మీరే అడిగి వెళ్లండి. విలీనాల కాలంలో ఈ పని తెలిసినవాళ్లే రెండు వైపులా కావాలి.

ఎంఫార్మసీ తప్పు కాదు. ప్రవేశ పరీక్షల్లో మంచి ర్యాంకు వచ్చి బాలానగర్ నైపర్ (జాతీయ ఫార్మా విద్యాసంస్థ) లాంటి చోట సీటొస్తే ఆఫర్ వదులుకున్నా పర్వాలేదు. ఏదో ఒక కాలేజీలో రెండేళ్లు గడపడానికైతే మాత్రం వద్దు. ఇంట్లో ఒక జీతం మీద అనుమానం ఉన్నప్పుడు ఇంకో జీతం మొదలవడమే నయం. సాఫ్ట్‌వేర్ అంటారా, మీకు ఇష్టముంటే వెళ్లండి. భయపడి మాత్రం వెళ్లకండి, కంపెనీలు కలిసినప్పుడు మనుషుల్ని తగ్గించడం అక్కడా ఉంది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే ఇవ్వకండి. బాండ్ ఉంటే ఎన్నేళ్లు, ఎంత అని చదివాకే సంతకం పెట్టండి.

ఇక నాన్నగారి విషయం. ఇప్పటికి ఇవన్నీ పుకార్లే కాబట్టి ఆయన్ని వెంటనే వేరే ఉద్యోగం చూసుకోమని తొందరపెట్టకండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: ఎవరు ఎంత మెత్తగా అడిగినా రాజీనామా పత్రం మీద సంతకం పెట్టొద్దని. మూసివేత అని ప్రకటించకుండా దూరపు ప్లాంటుకు బదిలీ చేసి, 'రాలేకపోతే రిజైన్ చేయండి' అనడం చాలాచోట్ల జరిగేదే. రాజీనామా చేస్తే గ్రాట్యుటీ వస్తుంది, మూసివేత పరిహారం రాదు. ఆ పరిహారం సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, అంటే 19 ఏళ్లకు దాదాపు తొమ్మిదిన్నర నెలల జీతం. గ్రాట్యుటీ దీనికి అదనం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300, అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న ఫ్యాక్టరీని మూయాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇదివరకు ఆ సంఖ్య 100 ఉండేది. అందుకే యూనిట్‌లో పర్మినెంట్ వాళ్లు ఎందరు, కాంట్రాక్టు వాళ్లు ఎందరు అన్నది తెలుసుకోవడం అవసరం. స్వచ్ఛంద విరమణ పథకం పెడితే, అందులో ఇచ్చే మొత్తాన్ని ఈ లెక్కతో పోల్చి చూసుకోండి. విలీనానికి ఎన్‌సీఎల్‌టీ (జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్) ఇచ్చిన ఉత్తర్వు యూనియన్ దగ్గర ఉంటే అదీ చదవండి. పాత సర్వీసు కొనసాగుతుందన్న మాట మామూలుగా అందులోనే ఉంటుంది.

మీరు ఆయనకు చేయగల సాయం ఒకటుంది. ఆయన బయోడేటా మీరే రాయండి. 'ఆపరేటర్, 19 సంవత్సరాల అనుభవం' అని రాస్తే ఎవరూ పిలవరు. ఏ మెషీన్లు నడిపారో పేర్లతో రాయండి: కాడ్‌మ్యాకా, ఫెట్టేనా, ఎన్ని స్టేషన్లు, బైలేయర్ (రెండు పొరల) మాత్రలు తీశారా, టూలింగ్ (మాత్రల అచ్చులు) మార్చి మళ్లీ లైను మొదలుపెట్టడానికి ఎంత సేపు పడుతుంది, మాత్ర క్యాపింగ్ అవుతుంటే (పైపొర ఊడిపోతుంటే) ఏం సరిచేస్తారు, ఏ దేశాల ఆడిట్లప్పుడు మెషీన్ దగ్గర నిలబడి జవాబు చెప్పారు. ఇవి ఆయన్ని అడిగితేనే తెలుస్తాయి. ట్రైనింగ్ రికార్డుల కాపీలు, జీతం స్లిప్పులు, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) వివరాలు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టండి. గేటు మూశాక హెచ్‌ఆర్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు దొరకరు. ఉద్యోగం మారితే పీఎఫ్‌ను కొత్త ఖాతాకు బదిలీ చేయించండి, తీసి ఖర్చుపెట్టకండి. ఆయన సర్వీసు పదేళ్లు దాటింది కాబట్టి పెన్షన్‌కు అర్హత ఉంది.