నోటుకి మూడేళ్లు నిండుతున్నాయి, రాజీ ఇంకా తేలలేదు

ప్రశ్న: మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మా తమ్ముడు నా బావమరిదికి మిర్చి పెట్టుబడికి 4 లక్షలు అప్పిచ్చాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అడిగినప్పుడు ఇచ్చేట్టు ప్రోనోటు. సాక్షి సంతకం నాదే, నోటు కూడా నా బీరువాలోనే ఉంది. పంట దెబ్బతింది, వడ్డీ తగ్గించమని బావమరిది. పైసా తగ్గనని తమ్ముడు. రెండేళ్లుగా ఇద్దరికీ సర్దిచెబుతున్నాను. పోయిన సంక్రాంతికి బావమరిది ఫోన్‌పేలో 20 వేలు పంపాడు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు, మా ఆవిడకి కంటి మీద కునుకు లేదు. వచ్చే నెల 12కి నోటుకి మూడేళ్లు. గడువు పెరగడానికి నోటు వెనక 'వెయ్యి ముట్టింది' అని చెల్లు రాసి బావమరిది సంతకం మనమే పెడదాం, నువ్వు సాక్షిగా ఉండు అంటున్నాడు తమ్ముడు. పాము చావకుండా కర్ర విరగకుండా దారి చెప్పండి.

జవాబు: మీరు రాసిన దాంట్లో కేసుని తేల్చేది ఒక్కటే, వచ్చే నెల 12. పంట దెబ్బ, తమ్ముడి పట్టుదల, ఇంట్లో టెన్షన్, ఇవేవీ ఆ తేదీని ఒక్క రోజు కూడా జరపలేవు.

తమ్ముడు డబ్బు ఎప్పుడు అడిగాడన్న దానితో పనిలేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 35 ప్రకారం, అడిగినప్పుడు ఇవ్వాల్సిన నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు, అది నోటు తేదీ నుంచే లెక్క. రాజీ మాటలు నడిచిన కాలాన్ని అందులోంచి తీసేయరు. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. గడువు దాటాక వేసిన దావాని, అవతలివాడు కాలదోషం మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టేయాల్సిందే. అది సెక్షన్ 3. అప్పీలుకైతే ఆలస్యం మన్నించమని అడగొచ్చు, దావాకి ఆ వీలు లేదు.

రెండేళ్లు పెద్దమనిషిగా కూర్చున్నారు, నోటు మీ బీరువాలోనే ఉంది, ఒక్కసారైనా తీసి తేదీ చూసుకోవద్దా? సంతకం అడిగితే బావమరిది చిన్నబుచ్చుకుంటాడని ఆగి ఉంటారు. గడువు గుర్తుచేస్తే తమ్ముడు కోర్టుకెక్కుతాడని ఆయనకీ చెప్పి ఉండరు. ఎటూ మొగ్గకుండా ఉన్నానని మీరనుకున్నారు గానీ, గడిచిన ప్రతి రోజూ అప్పు తీసుకున్నాయనకే కలిసొచ్చింది.

ఇక ఆ దొంగ చెల్లు. వద్దు. బావమరిది 'సంతకం నాది కాదు' అన్న రోజున నోటు నిపుణుడి పరీక్షకి వెళుతుంది. ప్రోనోటు చట్టం దృష్టిలో విలువైన పత్రం. దాని మీద ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడొచ్చు. తెలిసి సాక్షి సంతకం పెట్టిన మీరూ తప్పించుకోలేరు. పైగా నిజమైన నోటుని చేతులారా అనుమానంలో పడేసినట్టవుతుంది.

ఆ 20 వేలతో గడువు దానంతటదే పెరగదా అంటే, ఒట్టి చెల్లింపు చాలదు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 చెల్లించిన మనిషి చేతిరాతనో సంతకాన్నో అడుగుతుంది. ఫోన్‌పే ఎంట్రీ ఆ లెక్కలోకి వస్తుందా అని వాదించొచ్చు, వాదన మీద మాత్రం 4 లక్షలు పెట్టకండి. బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఉంచండి.

మీకు పనికొచ్చేది అదే చట్టం సెక్షన్ 18. గడువు తీరకముందే బాకీ ఉందని బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ సంతకం తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ ఒప్పుకోలులో కచ్చితమైన మొత్తం ఉండక్కర్లేదు. 'ఇప్పుడు ఇవ్వను' అన్నా, ఎదురు లెక్క ఉందని రాసినా చెల్లుతుంది. అంటే వడ్డీ తగువు తేలకుండానే ఈ కాగితం పుట్టొచ్చు. నోటు వెనకే బావమరిది చేత్తో ఇలా రాయించండి: 'ఈ నోటు తాలూకు అసలు నేను బాకీ ఉన్నాను. వడ్డీ రేటు మీద నాకు అభ్యంతరం ఉంది. ఫలానా తేదీన పంపిన 20 వేలు జమ కట్టుకోవాలి.' కింద తేదీ, సంతకం. తమ్ముడికి గడువు దక్కుతుంది, బావమరిది అభ్యంతరం కూడా రాతలోనే ఉంటుంది. భార్యో కొడుకో పెట్టే సంతకం కుదరదు, ఆయనో, ఆయన అధికారం ఇచ్చిన మనిషో పెట్టాలి. 12 దాటాక ఇలాంటి ఒప్పుకోలు పనిచేయదు. అప్పుడు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద 'చెల్లిస్తాను' అని కొత్తగా రాసివ్వాలి. గడువు పోయిందని తెలిసిన మనిషి అలా రాసిస్తాడా?

ఈ వారంలో ఆయన రాయకపోతే, పది రోజులు మిగిలుండగానే తమ్ముడి చేత దావా వేయించండి. దావా వేస్తే చుట్టరికం తెగినట్టేమీ కాదు, రాజీ తలుపు మూసినట్టూ కాదు. కేసుని లోక్ అదాలత్‌కి పంపమని అడగొచ్చు. అక్కడ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అక్కడిచ్చే అవార్డు (రాజీ తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. డిక్రీ అమలుకి 12 ఏళ్ల గడువు. దావాకి ముందే మండల న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు గానీ, అర్జీ పెట్టాం కదా అని 12ని మరిచిపోవద్దు.

వడ్డీ ఎంత తగ్గాలన్నది నన్నడగకండి, అది వాళ్లిద్దరూ తేల్చుకోవాలి. ఒకటి మాత్రం చెబుతాను. రేపు దావా పడితే సంతకం రుజువు చేయడానికి బోనెక్కే సాక్షి మీరే. అందుకని ఇకపై లెక్క తేల్చే పెద్దమనిషిగా ఊళ్లో ఇంకొకరిని కూర్చోబెట్టండి. నోటుకి రెండు వైపులా జిరాక్స్ తీసుకుని, అసలు నోటు తమ్ముడికి అప్పగించి, ముట్టినట్టు ఆయన చేత రాయించుకోండి.