కార్లైల్‌లో బిల్లు, డంఫ్రీస్‌లో ఫ్రీనా?

ప్రశ్న: మా మామగారు 1970ల్లో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లండ్‌లో, కార్లైల్‌లో ఆయన సొంత ఇంట్లోనే అందరం ఉంటున్నాం. పక్షవాతం వచ్చాక స్నానానికీ బట్టలు మార్చడానికీ మనిషి కావాలి. బ్యాంకులో 30 వేల పౌండ్ల పైనే ఉండడంతో ఖర్చంతా ఆయనదే. స్కాట్లండ్‌లో, డంఫ్రీస్‌లో ఉండే మా మరిది "ఇక్కడికి పంపించు వదినా, అంతా ఫ్రీ" అంటున్నాడు. ఇల్లు అమ్మేసి పంపించాలా?
– ఒక కోడలు, కార్లైల్

జవాబు: మీ మరిది ఊరికే అనలేదమ్మా. స్కాట్లండ్‌లో 65 దాటినవాళ్లకు స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడం లాంటివి 2002 జులై నుంచి ఉచితం. ఆస్తి ఎంతని అడగరు. 1999లో వృద్ధుల సంరక్షణ ఖర్చులపై ప్రభుత్వం వేసిన సదర్లండ్ కమిషన్ బ్రిటన్ మొత్తానికీ ఇదే సలహా ఇస్తే లండన్ ప్రభుత్వం ఖర్చుకు జడిసింది, ఎడిన్‌బరోలో అప్పటి స్కాట్లండ్ ఫస్ట్ మినిస్టర్ హెన్రీ మెక్లీష్ ఒప్పుకున్నారు. ఇంగ్లండ్‌లో చేతిలో 23,250 పౌండ్లు దాటితే పూర్తి ఖర్చు మనదే. ఆ అంకె 2010 నుంచి కదల్లేదు. ఈలోగా బియ్యం బస్తా ధర ఎంత కదిలిందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక మీ మరిది చెప్పనివి. ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం, సరుకులు తేవడం ఆ ఫ్రీలో లేవు. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) మనిషి వచ్చి చూసి, అవసరమని రాస్తేనే సాయం అందుతుంది. చుట్టపుచూపుగా వెళ్తే చాలదు, మకాం అక్కడికి మారాలి. రేపు కేర్ హోమ్‌లో చేరాల్సి వస్తే ప్రభుత్వం సంరక్షణకు ఇంత అని ఇస్తుంది, అంతే. గదికీ తిండికీ ఆస్తిని బట్టి కట్టాలి, సొంతిల్లు కూడా లెక్కలోకి రావచ్చు. నేను స్కాట్లండ్‌లో ఒక కౌన్సిల్లో పనిచేసినప్పుడు ఆ బిల్లు పట్టుకొచ్చి నాతో పోట్లాడినవాళ్లు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు!

పైగా, అలా ఉచిత సంరక్షణ తీసుకుంటూ హోమ్‌లో ఉంటే నాలుగు వారాలకు అటెండెన్స్ అలవెన్స్ (రోజువారీ సాయం కావాల్సిన వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము) లాంటి భత్యం ఆగిపోతుంది. ఇంగ్లండ్‌లో సొంత డబ్బుతో ఉండేవాళ్లకు ఆగదు. అసలు దానికి దరఖాస్తు పెట్టారా? బ్యాంకులో ఎంతున్నా ఇస్తారు. ముందు ఆ పని చూడండి.

ఫ్రీగా వచ్చే మనిషి పొద్దున కాసేపు, రాత్రి కాసేపు ఉంటుంది. మధ్యలో మామగారి దగ్గర ఎవరుంటారో మరిదిని అడగండి. వెళ్లడం ఇష్టమో కాదో మామగారిని అడగండి. ఇల్లు మాత్రం అమ్మకండి. ఆయన అందులో ఉన్నంతకాలం, ఇంటి దగ్గర సంరక్షణకు ఇంగ్లండ్‌లో కూడా దాన్ని లెక్కగట్టరు. అమ్మితే వచ్చే సొమ్మును మాత్రం లెక్కగడతారు.