ముందు సీటు కొలత, ఆ తర్వాతే రంగు

పాతకాలపు స్పోర్ట్స్ కార్ల నకళ్లు కట్టించుకునే వాళ్లు బాడీ, ఆప్షన్ల ఎంపిక గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ముత్తుకూరు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. కట్టల మీద మా సొంత దారే మూడు కిలోమీటర్ల పైన ఉంటది. అక్కడ తిప్పుకునేదానికి పోర్షె స్పీడ్‌స్టర్ నకలు కట్టించాలని ఉంది. కారు కట్టే బిల్డరేమో స్పీడ్‌స్టర్, కన్వర్టిబుల్, స్పైడర్, కోబ్రా నాలుగు ఫొటోలు పంపి ఒకటి తేల్చమంటున్నాడు. నేను ఆరడుగుల మనిషిని. ఏది తీసుకోమంటారు సార్?
– ఒక రైతు, ముత్తుకూరు

జవాబు: ఆరడుగులని చెప్పి సగం జవాబు మీరే ఇచ్చేశారు. స్పీడ్‌స్టర్ అందమంతా దాని పొట్టి ముందు అద్దంలోనే ఉంది, చిక్కూ అక్కడే ఉంది. 1954లో అమెరికా మార్కెట్టు కోసం పోర్షె తన 356 కారునే కాస్త చౌక చేసి దీన్ని తెచ్చింది. అద్దం ఎత్తు తగ్గించారు, తలుపుల్లో దించే గ్లాసులు తీసేసి తగిలించుకునే పక్కతెరలు ఇచ్చారు, లోపల అస్తరు లేని పల్చటి గుడ్డ టాపు వేశారు. వానకు పెద్దగా వెరవాల్సిన పని లేని కాలిఫోర్నియాలో అది బాగా నడిచింది. 1958లో దాని స్థానంలోకి వచ్చిన కన్వర్టిబుల్ డికి అద్దం ఎత్తు పెంచి, దించే గ్లాసులు పెట్టారు. లోటు ఎక్కడుందో కంపెనీకే తెలిసిందన్నమాట.

మీకు మేం చెప్పేది ఆ కన్వర్టిబుల్ డి తరహా బాడీ. నడుము కిందకి రెండూ ఒకటే, పక్కన నిలబడి చూసేవాళ్లకు తేడా అంత తేలిగ్గా తెలియదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ వైపు కొట్టే వానకు పక్కతెరల సందుల్లోంచి నీళ్లు నేరుగా తొడ మీద పడతాయి. ఆ మూడు నెలలూ కారు షెడ్డులోనే ఉంచుతానంటే అది వేరే మాట.

అడ్వాన్సు ఇవ్వకముందే ఒక పని చేయండి. నేల నుంచి సీటులో కూర్చునే చోటు ఎంత ఎత్తు, అద్దం పైఅంచు ఎంత ఎత్తు, సీటు వీపు నుంచి అద్దం ఎంత దూరం, ఈ మూడు కొలతలూ బిల్డరు దగ్గర రాయించుకోండి. వరండాలో ఆ ఎత్తుకు ఇటుకల మీద పలక పరిచి, రెండు కుర్చీల మధ్య అద్దం పైఅంచు ఉండాల్సిన చోట ఒక వెదురు బద్ద కట్టి, కాళ్లు చాపి కూర్చోండి. బద్ద మీ కంటికి అడ్డం వచ్చిందంటే బండి నడిపినంతసేపూ మెడ వంచుకునే ఉండాలి. బద్ద కంటి కన్నా కనీసం బెత్తెడు పైన ఉండాలి. టాపు వేశాక తలకూ గుడ్డకూ మధ్య పిడికిలి పట్టాలి. సీటు ఫోము పల్చన చేస్తే సరిపోతుందని బిల్డరు అంటాడు. రెండు అంగుళాలకు మించి దాంతో కలిసిరాదు, అదీ నడుము నొప్పితో సహా.

పోర్షె రేసు కారు 550 స్పైడర్ ఇంకా చిన్నది. ఇంజను సరిగ్గా మీ వీపు వెనకే ఉంటుంది, వాన ఆపే టాపు ఉండదు. తెల్లవారుజామున అరగంట తిప్పుకోవడానికి తప్ప పనికిరాదు. కోబ్రా కావాలంటే 427 తరహా ఉబ్బు మడ్‌గార్డుల బాడీ వదిలేసి, 289 తరహా సన్న బాడీ అడగండి (ఈ అంకెలు అసలు కోబ్రాల ఇంజను సైజులు). 427 బాడీకి మామూలుగా సైలెన్సరు గొట్టాలు తలుపు కింద పక్కనే పోతాయి. దిగేటప్పుడు పిక్క వాటికి ఆనితే బొబ్బ ఖాయం. లుంగీ, చీర కట్టినవాళ్లు ఎక్కే కారుకు అది ఆప్షన్ కాదు, గండం. పైగా కట్ట మీద గతుకులకు ముందు తగిలేవి కూడా ఆ గొట్టాలే.

బాడీ తేలాక కింద ఏముందో అడగండి. స్పీడ్‌స్టర్ నకళ్లు ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అడుగు మీద కడతారు. బీటిల్ చక్రాల మధ్య దూరం 2400 మిల్లీమీటర్లు, 356ది 2100. అంటే కారు అడుగుభాగాన్ని దాదాపు పన్నెండు అంగుళాల మేర కోసి అతకాలి. నడుమ ఉండే సొరంగంలోనే గేరు కడ్డీ, క్లచ్చు కేబులు, యాక్సిలరేటరు కేబులు పోతాయి. కోసినప్పుడు గేరు కడ్డీని సరిగ్గా అంతే తగ్గించకపోతే గేర్లు పడవు, పడినా జారిపోతాయి. కారు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంజను శబ్దానికి మురిసిపోకుండా రివర్సు గేరు పదిసార్లు వేసి చూడండి. బీటిల్ మన దేశంలో తయారు కాలేదు. మెక్సికోలో కూడా 2003లో ఆగిపోయింది. ప్రతి విడిభాగం బయటి నుంచి రావాలి. అందుకే ఇక్కడ దొరికే ఇంజను, గేరుబాక్సుతో ట్యూబు ఛాసిస్ (ఇనుప గొట్టాల చట్రం) కట్టే బిల్డరైతే మీకు నయం.

స్టీరింగు కుడివైపే అని కాగితం మీద రాయించుకోండి. డ్యాష్‌బోర్డు అచ్చులోనే పోసేది కాబట్టి తర్వాత మార్చడమంటే కోసి అతకడమే.

ప్రశ్న: నా దగ్గర ఆర్‌సీ ఉన్న మారుతి జిప్సీ ఉంది. దాని బాడీ దించి, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీ లాంటి ఫైబర్ బాడీ ఎక్కిస్తే రోడ్డు మీద తిప్పుకోవచ్చా? తెలిసినవాళ్ల దగ్గర 1968 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఉంది, దాన్నైనా వాడొచ్చా?
– కావలి పాఠకుడు

జవాబు: పనిగా చూస్తే జిప్సీ మంచి ఎంపికే. నిచ్చెన ఛాసిస్ (నిచ్చెనలా ఉండే విడి చట్రం) కాబట్టి బాడీ దింపితే మిగతాదంతా నిలబడుతుంది. చట్టమే ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ‘ఆర్‌సీ ఉందిగా, ఏం కాదు’ అనే బిల్డరు మాట నమ్మొద్దు. ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది ఆ మార్పునే.

హెరాల్డ్‌ను మాత్రం కోయకండి. మద్రాసులో తయారైన ఆ కారుకు విడి ఛాసిస్ ఉంటుంది, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు పుట్టింది కూడా ఆ ఛాసిస్‌ను కురచ చేసే, అందుకే బిల్డర్ల కన్ను దాని మీద పడుతుంది. కానీ మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మారకుండా ఉంటే 2021 నిబంధనల కింద దానికి ‘వీఏ’ సిరీసు వింటేజి నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు. రోజువారీ తిరగడానికి కుదరదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు దర్జాగా తీసుకెళ్లొచ్చు. నకలు కోసం అసలును చంపడమెందుకు?

చట్టం సంగతి ముత్తుకూరు రైతుకూ వర్తిస్తుంది. జనానికి వచ్చిపోయే హక్కు లేని సొంత కట్ట మీద తిప్పుకోవచ్చు. గేటు దాటి ఊరి రోడ్డెక్కితే మాత్రం అది రిజిస్ట్రేషను లేని బండే. ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే లారీ మీదే.

ప్రశ్న: కొత్తపట్నంలో ఫైబర్ బోట్లు చేసే మేస్త్రీ ‘అచ్చు తెచ్చివ్వండి, కారు బాడీ నేనే పోసిస్తా’ అంటున్నాడు. ధర సగానికి సగం. నమ్మొచ్చా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: చేతిపని విషయంలో నమ్మొచ్చు. గాజుపోగుల మ్యాటు పరచడం, గాలి బుడగలు రోలరుతో తీయడం ఆయనకు రోజూ చేసే పనే. తేడా ఎక్కడంటే, బోటు పైభాగం కాస్త అలలుగా ఉన్నా చేప ఏమీ అనుకోదు. కారుకు పాలిష్ పట్టాక ట్యూబులైటు నీడ అందులో వంకర పోతే ఊరంతా చూస్తుంది.

లెక్క ఇలా మాట్లాడుకోండి. అచ్చుకు మైనం, దాని మీద అర మిల్లీమీటరు ఐసో రకం జెల్‌కోటు (బయటికి కనిపించే పై పొర), ఆ తర్వాత చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాటు మూడు వరసలు. మందం సుమారు 3 మిల్లీమీటర్లు వస్తుంది. చదరపు మీటరుకు మ్యాటు 1.35 కిలోలు, రెజిన్ (మ్యాటును తడిపే జిగురు) దాదాపు 3 కిలోలు, జెల్‌కోటు 600 గ్రాములు పడతాయి. రెజిన్ ఎక్కువ పోస్తే గట్టిదనం పెరగదు, బరువూ పెళుసుదనమూ పెరుగుతాయి. తలుపు కీళ్లు, బానెట్టు తాళం, సీటు బెల్టు వచ్చే చోట్ల లోపల ఇనుప పలక పెట్టి దాని మీద ఇంకో మూడు వరసలు పరచాలి. అది మర్చిపోతే ఆరు నెలల్లో తలుపు కిందకి వాలుతుంది, బోల్టు చుట్టూ సాలెగూడులా పగుళ్లు వస్తాయి.

హార్డెనరు (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. ఒంగోలు మే నెల ఎండలో 10 గ్రాములే చాలు, లేదంటే బ్రష్షు పెట్టేలోపే డబ్బాలో గడ్డకడుతుంది. పది కన్నా తగ్గించినా ప్రమాదమే, లోపల ఎప్పటికీ పూర్తిగా ఆరదు. కోబాల్టు (త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) విడిగా కలిపే రెజిన్ అయితే ముందు కోబాల్టును రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనరు పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలనూ పేలొచ్చు. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టే షెడ్డుకు పని ఇవ్వకండి. వాన పట్టిన రోజు మ్యాటు చెమ్మ పీల్చుకుని తెల్లమచ్చలు వేస్తుంది, ఆ రోజు పని ఆపేయమనండి.

అన్నిటికన్నా ముఖ్యం, బాడీని అచ్చులోంచి తొందరపడి తీయనివ్వకండి. లోపలి ఇనుప చట్రం అతికించి, కనీసం వారం అచ్చులోనే ఉంచాలి. రెండో రోజే లాగితే తలుపు సందు ఒకచోట 4 మిల్లీమీటర్లు, ఒకచోట 9 అవుతుంది. దాన్ని లప్పంతో పూడుస్తారు, ఆ లప్పం రెండేళ్లలో ఊడుతుంది.

ప్రశ్న: బాడీ ఖాయమైంది. ఆప్షన్లకు లక్షన్నర మిగిలింది. క్రోము బంపర్లు, తీగ చక్రాలు, నల్ల రంగు అనుకుంటున్నా. మా ఇల్లు సముద్రానికి దగ్గర.
– సింగరాయకొండ పాఠకుడు

జవాబు: మూడూ మార్చుకోమంటాం.

నలుపు ఎండకు బాగా కాగుతుంది. కాగిన ఫైబరు ఇంకాస్త బిగుస్తుంది, దాంతో లోపలి మ్యాటు పోగుల గీతలు రంగు మీద తేలతాయి. దంతపు తెలుపు, వెండి రంగు, లేత నీలం అయితే ఆ బెడద తక్కువ, పాత కార్లకు నప్పుతాయి కూడా. ఉప్పుగాలికి క్రోము కింద ఇనుము పొంగుతుంది. బంపర్లకు 316 స్టీలు పాలిష్ చేయించండి, 304 అయితే టీ మరకల్లాంటి చారలు పడతాయి. ఇక తీగ చక్రాలంటే వారం వారం పుల్లకు గుడ్డ చుట్టుకుని తుడిచే ఓపిక ఉండాలి. 15 అంగుళాల రేకు చక్రం, 185/65 ఆర్15 టైరు తీసుకోండి, ఆ టైరు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. హెడ్‌లైటు గుంట 7 అంగుళాలదే ఉండాలి, అంబాసిడరు, జిప్సీలదీ అదే సైజు.

మిగిలిన డబ్బు కంటికి కనపడని చోట పెట్టండి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, ఛాసిస్‌కే బిగించిన సీటు బెల్టులు, తల వెనక రోల్ బారు (కారు బోల్తా పడితే తలను కాపాడే గొట్టం), ఛాసిస్‌కు గాల్వనైజింగు (తుప్పు పట్టకుండా జింకు పూత). గాల్వనైజింగుకు పంపేముందు మూసి ఉన్న ప్రతి ట్యూబుకూ గాలి రంధ్రాలు వేయించాలి. లేదంటే 450 డిగ్రీల జింకు తొట్టిలో ముంచగానే లోపలి గాలి, తడి వ్యాకోచించి ట్యూబు పేలుతుంది. తుప్పు భయంతో సస్పెన్షనుకు, స్టీరింగుకు మామూలు స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తామంటారు, ఒప్పుకోకండి. అక్కడ 8.8 గ్రేడు ఉక్కు బోల్టులే ఉండాలి.

ప్రశ్న: గ్రానైటు యార్డులో తిప్పే నకలు కారు. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతుంది, హారను కొడితే హెడ్‌లైటు తగ్గుతుంది. రెండు బ్యాటరీలు మార్చాం.
– చీమకుర్తి పాఠకుడు

జవాబు: బ్యాటరీది తప్పు కాదు. ఇనుప బాడీ కారులో బాడీయే ఎర్తు, ఫైబరులో కరెంటు పారదు. ఎలక్ట్రీషియను అలవాటు కొద్దీ లైటు ఎర్తును పక్కనున్న స్క్రూకు కట్టి వదిలేసి ఉంటాడు. దారి దొరకని కరెంటు ఇంకో బల్బులోంచి తిరిగి వెళుతోంది. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఛాసిస్‌కూ, ఇంజనుకూ లావు తీగలు, ముందొకటి వెనకొకటి ఎర్తు పట్టీలు, ప్రతి లైటు నుంచీ ఆ పట్టీకి విడి నల్లతీగ వేయించండి. పెట్రోలు ట్యాంకునూ, నింపే మూతి గొట్టాన్నీ కూడా ఎర్తు చేయించండి. ఆ రెంటి మధ్యా రబ్బరు గొట్టమే ఉంటే పెట్రోలు పోసేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటుకు పోయే దారి ఉండదు. ఈ పని అయ్యేదాకా డబ్బాతో పెట్రోలు పోయడం ఆపండి.