సెన్సర్ మార్చినా కోడ్ పోవడం లేదా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా 20 టన్నుల పొక్లెయిన్ డిస్‌ప్లే మీద ఎస్‌పీఎన్ 100, ఎఫ్‌ఎంఐ 3 అని వస్తోంది. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కొత్తది వేశాం. రెండ్రోజులు బాగానే నడిచి మళ్లీ అదే కోడ్. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మార్చాలంటున్నారు. మార్చాల్సిందేనా?
– క్వారీ సూపర్‌వైజర్, చీమకుర్తి

జవాబు: అప్పుడే ఈసీఎం జోలికి వెళ్లకండి. జే1939 (భారీ యంత్రాల కంట్రోలర్లు వాడే ఉమ్మడి భాష) కోడ్‌లో మొదటి నంబరు, అంటే ఎస్‌పీఎన్, ఏ సర్క్యూటో చెబుతుంది, రెండోది, అంటే ఎఫ్‌ఎంఐ, ఎలాంటి లోపమో చెబుతుంది. 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. ఎఫ్‌ఎంఐ 3 అంటే సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ. సెన్సర్ పోయిందని యంత్రం ఎక్కడా అనలేదు. ఆ సిగ్నల్ వైరు మీద వోల్టేజ్ పైకి పోయిందని మాత్రమే అంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. అదే 100కి ఎఫ్‌ఎంఐ 1 వస్తే అది వైరింగ్ గొడవ కాదు, ఆయిల్ ప్రెషర్ నిజంగానే పడిపోయిందని అర్థం. ఇంజిన్ వెంటనే ఆపించండి. ఆయిల్ లెవల్ చూసి, మెకానికల్ గేజ్ బిగించి ప్రెషర్ సరిగా ఉందని తేల్చుకున్నాకే బండిని పనికి పంపండి.

ఇక మీ కోడ్ సంగతి. ఈ తరహా సెన్సర్లకు సాధారణంగా మూడు వైర్లుంటాయి: 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. సిగ్నల్ దాదాపు 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య తిరుగుతుంది. ఏ పిన్ను ఏదో వైరింగ్ డయాగ్రమ్‌లో చూసుకోండి, రంగులను నమ్మొద్దు. కోడ్ యాక్టివ్‌గా ఉన్నప్పుడే పరీక్షలు చేయాలి. లోపం లేని సమయంలో కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

కీ ఆన్, ఇంజిన్ ఆఫ్. సెన్సర్ కప్లర్ (కనెక్టర్) ఊడదీసి హార్నెస్ (వైర్ల కట్ట) వైపు సప్లై, ఎర్త్ పిన్నుల మధ్య కొలవండి. 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి. రాకపోతే మీటరు నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి మళ్లీ కొలవండి. ఈసారి 5 వచ్చిందంటే సప్లై బాగానే ఉంది, ఎర్త్ వైరే తెగింది. ఎర్త్ తెగితే సిగ్నల్ 5 వోల్టుల వైపు ఎగబాకి ఎఫ్‌ఎంఐ 3 పడుతుంది. మీ కేసులో నాకు మొదటి అనుమానం దీనిమీదే. సెన్సర్ మార్చేటప్పుడు కప్లర్ ఊడదీసి పెట్టడంతో పిన్ను కాస్త రుద్దుకుని పట్టు దొరుకుతుంది, రెండ్రోజులు నడుస్తుంది. ఆ తర్వాత అదురుకు మళ్లీ వదులవుతుంది.

సప్లై, ఎర్త్ రెండూ సరిగా ఉంటే చిన్న జంపర్ వైరుతో సిగ్నల్ పిన్నును అదే కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకు కలపండి. జంపర్ 5 వోల్టుల పిన్నుకు తగలకూడదు. కోడ్ ఎఫ్‌ఎంఐ 3 నుంచి 4కి మారితే వైరింగ్, ఈసీఎం బాగున్నట్టే. లోపం సెన్సర్‌లోనో, పిన్నుల పట్టులోనో ఉంది. మారకపోతే సిగ్నల్ వైరు మధ్యలో తెగిందేమో, వోల్టేజ్ ఉన్న ఇంకో వైరుకు తగులుతోందేమో చూడాలి. ఈ రెండూ లేవని తేలాకే ఈసీఎం మీద అనుమానపడాలి.

పిన్నులను టార్చి వేసి చూడండి. కప్లర్ రబ్బరు సీల్ జారితే ప్రెషర్ వాష్ నీళ్లు లోపలికి దిగి పచ్చగా చిలుము పడుతుంది. అంతకన్నా ఎక్కువ నష్టం మన చేతులతోనే జరుగుతుంది. లావుపాటి మీటరు ప్రోబును ఫీమేల్ పిన్నులోకి గుచ్చితే అది విచ్చుకుపోతుంది. అదే సైజు కొత్త మేల్ పిన్ను దూర్చి లాగి చూడండి, కాస్త పట్టి ఉండాలి. జారి వచ్చేస్తే ఆ ఫీమేల్ పిన్ను మార్చాల్సిందే. వైరు తొడుగుకు సూదితో బెజ్జం పెట్టి కొలవొద్దు. అందులోంచి తేమ పట్టి కొన్నాళ్లకు రాగి లోపలే తినేస్తుంది. కప్లర్ వెనకవైపు నుంచి సన్నటి బ్యాక్ ప్రోబ్ పెట్టండి.

చివరగా, ఒకరు డిస్‌ప్లేలో ప్రెషర్ రీడింగ్ చూస్తుంటే ఇంకొకరు హార్నెస్‌ను జానెడు జానెడు కదుపుతూ రావాలి. క్లిప్పు ఊడిన చోట, హైడ్రాలిక్ హోస్‌కు రాసుకునే చోట, బ్రాకెట్ అంచు మీద వంగిన చోట ఆగి చూడండి. రీడింగ్ ఎక్కడ ఎగిరితే లోపం అక్కడే.

ప్రశ్న: కొత్త బ్యాక్‌హోలో ఒక్కసారే ఏడెనిమిది కోడ్‌లు వస్తున్నాయి. దేనితో మొదలుపెట్టాలి?
– మెకానిక్, కరీంనగర్

జవాబు: అన్ని సెన్సర్లు ఒకేరోజు పోవు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకండి. 2021 ఏప్రిల్‌లో చక్రాల నిర్మాణ యంత్రాలకు సీఈవీ స్టేజ్-4 కాలుష్య నిబంధన వచ్చాక బ్యాక్‌హోల్లోనూ ఎలక్ట్రానిక్స్ బాగా పెరిగాయి, కాబట్టి ఈ సమస్య ఇక మీకు తరచూ ఎదురవుతుంది.

మొదట బ్యాటరీ. 12 వోల్టుల బండికి సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ 9.6 కన్నా కిందికి పడితే కంట్రోలర్లు తడబడి లేనిపోని కోడ్‌లు వేస్తాయి. అప్పుడే బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, ఇంజిన్ బ్లాకుకు మధ్య కూడా కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించండి.

తర్వాత 5 వోల్టుల సప్లై. ఒకే లైను మీద చాలా సెన్సర్లుంటాయి, ఒకటి షార్ట్ అయితే మిగతావన్నీ పడిపోతాయి. మీటరు ఆ లైనుకే పెట్టి ఉంచి సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది తీయగానే 5 తిరిగొస్తే దోషి అదే. అన్నీ తీసినా రాకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది.

ఎస్‌పీఎన్ 639 గానీ ఎఫ్‌ఎంఐ 9 గానీ ఉంటే క్యాన్ లైను (కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల లైను) చూడాలి. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, తొమ్మిది పిన్నుల గుండ్రటి డయాగ్నస్టిక్ కప్లర్ ఉంటే అందులో సి, డి పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ పోయింది లేదా వైరు తెగింది. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ తగిలించారు. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లు కలిసిపోయాయి.

ప్రశ్న: బకెట్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు ఈసీఎం కప్లర్లు తీయాలా?
– బండి యజమాని, అనంతపురం

జవాబు: తీయండి. కీ ఆఫ్ చేసి, మెయిన్ కటాఫ్ ఆపి, బ్యాటరీ కేబుళ్లు విప్పి, ఆపైన ఈసీఎం కప్లర్లు ఊడదీయండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును బకెట్ మీదే, వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా, పెయింటు గీకిన ఇనుము మీద పట్టించండి. ఛాసిస్‌కు పట్టిస్తే కరెంటు బకెట్ పిన్నుల మీదుగా, స్వింగ్ బేరింగ్ మీదుగా పోయి వాటిని కాలుస్తుంది.