ఐస్ ఫిషింగ్‌లో కన్నంలోంచి వచ్చిన వేలెడు వెండి చేప ఏ జాతిదో ఎలా తేల్చాలి?

మీరు అడిగింది ఇది: అమెరికా, కెనడా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద చెరువుల వైపు, గడ్డకట్టిన నీటి మీది ఐస్‌కి కన్నం చేసి గాలం వేస్తుంటే మూడంగుళాల వెండి రంగు చేప చేతికొచ్చింది. అది ఎమరాల్డ్ షైనరా, స్మెల్టా, ఇంకేదైనానా? ఎరగా గుచ్చొచ్చా? ఒళ్ళు సన్నగా, కన్ను పెద్దగా ఉందని, గుంపుగా తిరుగుతున్నాయని చెప్పి, ఫొటో కూడా పంపారు.

మీ ఫొటోలో చేప మంచు మీద పడి ఉంది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి, మెరుపు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. దాన్ని చూసి ఎవరు పేరు చెప్పినా ఊహించి చెప్పినట్టే. ముందు రంగు సంగతి వదిలేయండి. ఆ కొలతలో చెరువు చేపలు సగం వెండి రంగులోనే ఉంటాయి. ఎమరాల్డ్ షైనర్ వీపు మీది పచ్చ మెరుపు కూడా ప్రాణం పోయిన కాసేపటికే వెలిసిపోతుంది. పేరు తేల్చేవి రెక్కలు, నోరు, పొట్ట అంచు.

చేపను పారదర్శకమైన చిన్న డబ్బాలోనో జిప్ సంచిలోనో కన్నంలోని నీళ్ళు పోసి అందులో వేయండి. నీళ్ళలో ఉంటే రెక్కలు వాటంతటవే విచ్చుకుంటాయి. గట్టి చలిలో బయట ఉంచితే రెక్కలు చూస్తుండగానే గడ్డకట్టి, ముట్టుకుంటే విరుగుతాయి. పొడి చేత్తో పట్టుకుంటే షైనర్ల పొలుసులు ఇట్టే రాలిపోతాయి. వెనక ముదురు రంగు గుడ్డ, పక్కన స్కేలు పెట్టి, నీడలో, సరిగ్గా పక్క నుంచి ఒక ఫొటో తీయండి. నోటిని దగ్గరగా ఇంకొకటి, పొట్ట వైపు నుంచి మూడోది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం జేబులో ఉంటే సగం పని అయినట్టే.

మొదట వీపు మీద చూడండి. పెద్ద రెక్కకీ తోకకీ మధ్య, రెక్కను నిలబెట్టే సన్నటి పుల్లలు లేని చిన్న కండ రెక్క ఉందా? దాన్ని అడిపోజ్ రెక్క అంటారు. అది ఉంటే షైనర్ కాదు. షైనర్లు మిన్నోలనే చిన్న చేపల కుటుంబానివి, ఏ మిన్నోకీ ఆ రెక్క ఉండదు. ఉంటే నోరు తెరిచి చూడండి. నోరు పెద్దదై, దవడ కంటి మధ్య దాకానో ఇంకా వెనక్కో వెళ్ళి, నాలుక మీద కూడా పళ్ళుంటే అది రెయిన్‌బో స్మెల్ట్. తాజా స్మెల్ట్ కోసిన దోసకాయ వాసన వేస్తుంది, అది చాలా నమ్మకమైన గుర్తు. ఇది అట్లాంటిక్ తీరపు చేప. 1912లో మిచిగన్‌లోని క్రిస్టల్ లేక్‌లో వదిలితే అక్కణ్ణుంచి పెద్ద చెరువుల్లోకి పాకింది. నోరు చిన్నదై పళ్ళు లేకపోతే అది సిస్కో అనే చేప పిల్ల కావచ్చు. అడిపోజ్ రెక్కతో పాటు వీపు రెక్క మొదట్లో మెత్తటి ముళ్ళు, గరుకు పొలుసులు, ఒంటి పక్కన వరసలు కట్టిన మచ్చలు ఉంటే అది ట్రౌట్-పెర్చ్. పేరులో రెండు చేపలున్నా ఇది ట్రౌటూ కాదు, పెర్చూ కాదు.

అడిపోజ్ రెక్క లేకపోతే ముళ్ళు చూడండి. వీపు మీద దేనికది విడిగా నిలబడ్డ ముళ్ళుంటే స్టికిల్‌బ్యాక్. అయిదు అటూ ఇటుగా ఉంటే బ్రూక్ స్టికిల్‌బ్యాక్, తొమ్మిది అటూ ఇటుగా ఉంటే నైన్‌స్పైన్ స్టికిల్‌బ్యాక్. రెండు వీపు రెక్కలూ ఒంటి మీద నిలువు చారలూ ఉంటే ఎల్లో పెర్చ్ పిల్ల. కింది జత రెక్కలు రెండూ కలిసి గిన్నెలా అయిపోయి, మొదటి వీపు రెక్క మీద నల్లమచ్చ ఉంటే రౌండ్ గోబీ. అది 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో బయటపడ్డ చొరబాటు చేప, దాన్ని ప్రాణంతో మళ్ళీ నీళ్ళలోకి వదలకండి.

తర్వాత పొట్ట అంచు వెంట తోక వైపు నుంచి తల వైపు వేలు నడపండి. రంపంలా గరుగ్గా తగిలితే షాడ్ జాతి. వీపు రెక్కలో చివరి పుల్ల దారంలా పొడుగ్గా సాగితే గిజార్డ్ షాడ్, సాగకపోతే చాలావరకు ఎల్‌వైఫ్. బాగా చిన్న షాడ్‌లో ఆ దారం ఇంకా ఎదిగి ఉండదు, జాగ్రత్త.

ఇవేవీ కాకపోతే మిన్నోల దగ్గరికి వచ్చినట్టు. అసలు తికమక ఇక్కడే. తోకకు ముందు పొట్ట వైపున్న ఒంటరి రెక్కలో పుల్లలు లెక్కపెట్టండి. లెక్క తప్పేది రెండు చోట్ల. మొదట్లో ఒకదానికొకటి అతుక్కుని ఉండే పొట్టి మొలకల్ని లెక్కలోకి తీసుకోకూడదు. చివరి రెండు పుల్లలు ఒకే మొదట్లోంచి వస్తే వాటిని ఒకటిగానే లెక్కించాలి. ఎమరాల్డ్ షైనర్‌కి పదకొండు అటూ ఇటుగా వస్తాయి, స్పాట్‌టెయిల్ షైనర్‌కి ఎనిమిది. ఎమరాల్డ్‌లో వీపు రెక్క మొదలు కింది జత రెక్కల మొదలు కంటే స్పష్టంగా వెనక ఉంటుంది, స్పాట్‌టెయిల్‌లో దాదాపు దానికి నేరుగా పైన ఉంటుంది. స్పాట్‌టెయిల్ తోక మొదట్లోని నల్లమచ్చ పెద్ద చేపల్లో వెండి పూత కింద మరుగున పడుతుంది. కాబట్టి మచ్చ లేదని కొట్టిపారేయకండి, పుల్లల లెక్కనే నమ్మండి.

గోల్డెన్ షైనర్ పిల్ల కూడా వెండిగానే ఉంటుంది, పుల్లల లెక్క కూడా ఎమరాల్డ్‌కి దగ్గరగానే వస్తుంది. ఒళ్ళు పలచగా వెడల్పుగా ఉండటం, పైకి తిరిగిన చిన్న నోరు, ఒంటి పక్కన తల నుంచి తోక వైపు సాగుతూ పొట్ట వైపు బాగా కిందికి వంగిన గీత (పక్క గీత) దాని గుర్తులు. వీటన్నిటికంటే గట్టి గుర్తు కింది జత రెక్కలకీ తోకకు ముందున్న ఒంటరి రెక్కకీ మధ్య పొలుసులు లేని పదునైన కండ అంచు. అది ఉందంటే ఇక అనుమానం అక్కర్లేదు. మొండి ముక్కు, తల వెనక ఇరుకుగా పేర్చినట్టున్న చిన్న పొలుసులు, సగంలో ఆగిపోయే పక్క గీత ఉంటే ఫాట్‌హెడ్ మిన్నో. అది ఎర దుకాణాల్లో ఎక్కువగా అమ్మేదే, కాబట్టి ఎవరి బకెట్‌లోంచో జారిపడింది కూడా కావచ్చు.

మీరు చెప్పిన సన్నటి ఒళ్ళు, పెద్ద కన్ను, గుంపుగా తిరగడం చూస్తే నా మొగ్గు ఎమరాల్డ్ వైపే. అడిపోజ్ రెక్క గానీ, గోల్డెన్ షైనర్‌కుండే కండ అంచు గానీ లేవని, పుల్లలు పదీ పన్నెండు మధ్య ఉన్నాయని చూశాకే ఆ పేరు ఖాయం చేసుకోండి.

పెర్చ్ కక్కిన చేపో, దాని కడుపులో దొరికిందో అయితే చర్మం, పొలుసులు కరిగిపోయి ఉంటాయి. అప్పుడు మిగిలే ఆధారం గట్టి భాగాలే. స్టికిల్‌బ్యాక్ ముళ్ళు, స్మెల్ట్ పళ్ళు చాలాసేపు నిలుస్తాయి. మిన్నోలకు దవడల మీద పళ్ళుండవు. మొప్పల వెనక గొంతులో విల్లులా వంగిన ఎముక మీద ఉంటాయి, ఆ ఎముకే జాతిని పట్టిస్తుంది.

ఎర సంగతికొస్తే, పేరు తేలకముందు గుచ్చకండి. పెర్చ్ లాంటి, జనం గాలం వేసి పట్టే (గేమ్ ఫిష్) చేపల పిల్లల్ని ఎరగా వాడటం చాలా చోట్ల నిషిద్ధం. వీ.హెచ్.ఎస్. అనే వైరస్ జబ్బు 2005లో గ్రేట్ లేక్స్‌లో బయటపడ్డాక, ఒక చెరువులో పట్టిన ఎరను ఇంకో చెరువుకి తీసుకెళ్ళడం మీద అక్కడి అమెరికా రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో ఆంక్షలు పెట్టాయి. ఎమరాల్డ్ షైనర్‌కీ ఆ జబ్బు సోకుతుంది. మీ లైసెన్స్ వర్తించే చోటి ఈ ఏటి నిబంధనల పుస్తకంలో ఎరల పేజీ చూడండి. మిగిలిన ఎరను కన్నంలోకి వంచకుండా ఒడ్డున చెత్తడబ్బాలో వేయండి.

ఇంతా చూసినా తేలకపోతే, మీ చోట ఆ చేపను ఉంచుకోవడం చట్టబద్ధమైతే, చచ్చిన చేపను 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. చిన్న కాగితం మీద చెరువు పేరు, తేదీ, లోతు పెన్సిల్‌తో రాసి అదే సీసాలో పెట్టండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అలా ఉంచితే మత్స్యశాఖ జీవశాస్త్రవేత్తకి చూపించేదాకా పాడవదు.