ఎంగెల్స్ స్థావరం గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం ఆసాంతం చదివాను. వోల్గా ఒడ్డున ఉన్న రష్యా బాంబర్ల స్థావరం చరిత్రను తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. మన దగ్గర యుద్ధ విమానాల మీద వచ్చే రాతలు చాలావరకు వేగం, బరువు, రేంజ్ చుట్టూనే తిరుగుతాయి. నీ మొదటి పేజీ కూడా అలాగే మొదలైంది. టీయూ-160 బాంబర్ గరిష్ఠ బరువు 275 టన్నులు, దాని రెక్కలు ముందుకీ వెనక్కీ కదులుతాయి, రష్యన్లు దాన్ని తెల్ల హంస అంటారు. అన్నీ నిజాలే. కానీ ఆ పేజీ పూర్తయ్యేసరికి నాకు విమానం తెలిసింది, ఊరు తెలియలేదు. స్థావరం చరిత్ర అన్నావు కాబట్టి ముందు ఆ నేల ఎవరిదో చెప్పు.

ఆ ఊరు 1747లో పుట్టింది. ఎల్టన్ సరస్సు నుంచి ఉప్పు తోలడానికి రష్యా మహారాణి ఎలిజబెత్ ప్రభుత్వం ఉక్రెయిన్ నుంచి ఎడ్ల బళ్ల వాళ్లను రప్పించి అక్కడ దింపింది. పొక్రోవ్‌స్కయా స్లొబొదా అనేవారు అప్పట్లో. ఇప్పటికీ ఆ నగర చిహ్నంలో వీపు మీద ఉప్పు గిన్నె మోస్తున్న ఎద్దు ఉంటుంది. ఈ రోజు ఉక్రెయిన్ మీదకు బాంబర్లు లేచే ఊరిని కట్టింది ఉక్రెయిన్ నుంచి వచ్చిన బండివాళ్లు. ఈ ఒక్క సంగతి నీ వ్యాసంలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది. దీన్ని పెట్టేటప్పుడు దాని మీద వ్యాఖ్యానం చేయకు. 1747 అని రాసి, ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో చెప్పి ముందుకు వెళ్లు. పాఠకుడికి చివరి భాగంలో అది తనంతట తనే గుర్తొస్తుంది.

తర్వాత జర్మన్లు. 1763లో రష్యా మహారాణి రెండో కేథరిన్ ఇచ్చిన పిలుపుతో జర్మన్ రైతులు వోల్గా తీరానికి వచ్చి స్థిరపడ్డారు. విప్లవం తర్వాత వాళ్లకంటూ ఒక స్వయంప్రతిపత్తి రిపబ్లిక్ ఏర్పడింది, అప్పటికి పొక్రోవ్‌స్క్ అని పిలుస్తున్న ఈ ఊరే దాని రాజధాని అయింది. 1931లో ఊరి పేరు ఎంగెల్స్‌గా మారింది. దాదాపు అదే కాలంలో ఊరి అంచున విమానాశ్రయం, సైనిక పైలట్ల శిక్షణ పాఠశాల వచ్చాయి. నువ్వు స్థావరం చరిత్రను ఇక్కడి నుంచి రెండు వాక్యాల్లో 1941కి దూకించావు. ఆ సంవత్సరం దగ్గరే ఆగాలమ్మా. నీ వ్యాసానికి గుండె అక్కడుంది.

1941 ఆగస్టు 28న సోవియట్ ప్రభుత్వం వోల్గా జర్మన్లను సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించాలని ఉత్తర్వు జారీ చేసింది. హిట్లర్ సైన్యం లోపలికి చొచ్చుకు వస్తోంది, వీళ్లు శత్రువుకు సాయపడతారని అనుమానం. దాదాపు 4 లక్షల మందిని రైళ్లెక్కించారు. రెండు శతాబ్దాలకు దగ్గరగా అక్కడ బతికిన వాళ్లు కొన్ని వారాల్లో ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. వాళ్ల రిపబ్లిక్ పటంలోంచి పోయింది.

అదే ఎంగెల్స్‌కు, అదే ఏడాది అక్టోబర్ చివర్లో, మాస్కో నుంచి రైల్లో ఆడపిల్లలు దిగారు. మరీనా రస్కోవా పోగుచేసిన అమ్మాయిలు. ఆమె 1938లో ఇద్దరు సహచరులతో కలిసి మాస్కో నుంచి తూర్పు కొసకు ఏకబిగిన ఎగిరి దేశమంతా పేరు తెచ్చుకున్న నావిగేటర్. మహిళలతో మూడు వైమానిక రెజిమెంట్లు ఎంగెల్స్‌లోనే తయారయ్యాయి: ఒకటి ఫైటర్లది, ఒకటి పగటి బాంబర్లది, మూడోది రాత్రి బాంబర్లది. ఈ మూడో దళానికి ఇచ్చింది కర్రతో, గుడ్డతో చేసిన పీవో-2 అనే శిక్షణ విమానం. దాంతోనే వాళ్లు యుద్ధం ముగిసేలోగా 23 వేలకు పైగా దాడులు చేశారు. చాలాకాలం పారాచూట్లు కూడా లేకుండానే ఎగిరారు. జర్మన్ సైనికులు వాళ్లకు రాత్రి మంత్రగత్తెలని పేరు పెట్టారు. రస్కోవా మాత్రం 1943 జనవరి 4న పాడు వాతావరణంలో విమానం కూలి, ఎంగెల్స్‌కు నది అవతల ఉన్న సరాతోవ్ నగరం దగ్గరే చనిపోయింది.

ఈ అమ్మాయిల గురించి నువ్వు ప్రేమగా రాశావు. నాకు ఆ పేజీ బాగా నచ్చింది. కానీ వాళ్లు రైలు దిగేసరికి ఆ ఊరి జనంలో ఒక పెద్ద భాగం వేరే రైళ్లలో వెళ్లిపోయి రెండు నెలలైనా నిండలేదని నువ్వు చెప్పలేదు. అది చెప్తే అమ్మాయిల ధైర్యం తగ్గదు. ఆ ధైర్యం ఎలాంటి కాలంలో, ఎలాంటి రాజ్యం కోసం ఖర్చయిందో తెలుస్తుంది. గర్వపడే సంగతి, సిగ్గుపడే సంగతి ఒకే ఊళ్లో, ఒకే శరదృతువులో జరిగితే రెండింటినీ పక్కపక్కనే పెట్టు. ఒకదాన్ని ఇంకోదానికి జవాబుగా వాడకు. సైనిక చరిత్ర రాసేవాళ్లలో నాకు నచ్చని అలవాటు ఇదే. వాళ్ల అభిమాన దళం కనబడగానే చుట్టూ ఉన్న మనుషులంతా మాయమైపోతారు.

1950ల భాగానికి వద్దాం. దశాబ్దం మధ్యలో ఎంగెల్స్‌కు మ్యాసిష్చెవ్ రూపొందించిన ఎం-4 బాంబర్లు వచ్చాయి. అప్పటి నుంచే అది వ్యూహాత్మక స్థావరం. ఎం-4 అమెరికా దాకా పోయి తిరిగి రావడానికి ఇంధనం చాలదు. అందుకే గాల్లోనే ఇంధనం నింపే పద్ధతి మీద అంత శ్రమ పెట్టారు, తర్వాత వాటిలో చాలా విమానాలు ట్యాంకర్లుగా మారాయి. 1955లో మాస్కో దగ్గర టుషినోలో వైమానిక దినోత్సవాన ఈ విమానాలు వరసగా ఎగిరాయి. వెళ్లిన విమానాలే చుట్టు తిరిగి మళ్లీ వచ్చి లెక్క పెంచాయని చెప్పే కథ చాలా ప్రచారంలో ఉంది. నువ్వు దాన్ని కళ్లతో చూసినట్టు రాశావు. ‘అని చెబుతారు’ అన్న రెండు మాటలు చేర్చు. కచ్చితంగా చెప్పగలిగింది వేరే ఉంది: సోవియట్ల దగ్గర వందల కొద్దీ దూరశ్రేణి బాంబర్లు రాబోతున్నాయని అమెరికా భయపడింది, తన బీ-52 బాంబర్ల తయారీ పెంచింది, 1956 జూలై నుంచి యూ-2 నిఘా విమానాలు పైనుంచి ఫొటోలు తీశాక ఆ వందలు లేవని తేలింది. ఆ భయం ఖరీదు రెండు దేశాల ప్రజలూ కట్టారు. నీ వ్యాసంలో ఇది ఒక పేరా చాలు.

గగారిన్ గురించి కూడా ఒక్క పేరా చాలు. 1961 ఏప్రిల్ 12న అంతరిక్షం నుంచి ఆయన దిగింది ఎంగెల్స్‌కు దగ్గర్లోని స్మెలోవ్‌కా ఊరి పొలాల్లో. అక్కడి నుంచి తీసుకొచ్చింది ఎంగెల్స్ ఎయిర్‌ఫీల్డ్‌కే, తర్వాత కుయిబిషెవ్ నగరానికి పంపారు. ఆయన విమానం నడపడం నేర్చుకున్నదీ నది అవతలి ఒడ్డున సరాతోవ్ ఏరోక్లబ్‌లోనే. నువ్వు అంతరిక్ష నౌకతో సహా నేలకు దిగాడని రాశావు. కాదు, నౌక నుంచి బయటికొచ్చి పారాచూట్‌తో విడిగా దిగాడు. సోవియట్ ప్రభుత్వం ఆ సంగతి చాలా ఏళ్లు దాచింది. అధికారిక ప్రకటనను ఎప్పుడూ నమ్మొద్దని కాదు నేను అనేది. ‘ప్రభుత్వం ఇలా చెప్పింది’ అన్నదీ, ‘ఇలా జరిగింది’ అన్నదీ వేర్వేరు వాక్యాలుగా రాయడం అలవాటు చేసుకో.

ఇప్పుడు నువ్వు హడావిడిగా దాటేసిన భాగం, 1992 నుంచి 2000 దాకా. సోవియట్ యూనియన్ విడిపోయేసరికి టీయూ-160లకు అసలు స్థావరం ఎంగెల్స్ కాదు, ఉక్రెయిన్‌లోని ప్రిలుకీ. అక్కడ 19 విమానాలు ఉండిపోయాయి. ఎంగెల్స్‌కు మొదటి టీయూ-160 1992లో వచ్చింది, ఆ తర్వాత ఒకటొకటిగా చేరాయి. ప్రిలుకీలో అధికారులు ఉక్రెయిన్‌కు విధేయత ప్రమాణం చేయాలా, రష్యాకు వెళ్లిపోవాలా అని తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకే దళంలో కలిసి ఎగిరినవాళ్లు అప్పుడు రెండు దేశాల వాళ్లయ్యారు. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకోవడానికి ఒప్పుకుంది, బదులుగా రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు చేశాయి. ఇక 1999లో గ్యాస్ బాకీ కింద ఉక్రెయిన్ 8 టీయూ-160లు, 3 టీయూ-95ఎంఎస్ బాంబర్లు, సుమారు 575 క్రూయిజ్ క్షిపణులు రష్యాకు అప్పగించింది. లెక్కగట్టిన విలువ 28.5 కోట్ల డాలర్లు. 2000 ఫిబ్రవరికి విమానాలన్నీ ఎంగెల్స్ చేరాయి. మిగిలినవాటిలో చాలావాటిని అమెరికా డబ్బుతో ముక్కలు చేశారు, ఒకటి పొల్తావా మ్యూజియంలో ఉంది.

2022 చివర్లో ఉక్రెయిన్‌లో కూలిన క్షిపణుల శకలాల్లో అణు వార్‌హెడ్ తీసేసి ఉత్త బరువు పెట్టిన కేహెచ్-55 క్రూయిజ్ క్షిపణులు దొరికాయి. తాము 1999లో ఇచ్చినవే తమ మీదకు వచ్చాయని ఉక్రెయిన్ సైనిక నిఘా విభాగం చెప్పింది. బాకీ కింద ఇచ్చిన సరుకు ఇరవై ఏళ్లు దాటాక ఇంటి మీదకు వచ్చి పడింది. అమ్మా, ఈ భాగాన్ని తొందరపడకుండా రాయి. ప్రిలుకీ, గ్యాస్ బాకీ, బుడాపెస్ట్ సంతకాలు, శకలాలు... వీటి మధ్య దారం తెగకుండా నడిపిస్తే చాలు, పెద్ద పెద్ద విశేషణాలేవీ అక్కర్లేదు. ఎంగెల్స్ మీద మొదటి డ్రోన్ దాడి జరిగింది కూడా 2022 డిసెంబర్ 5నే. బుడాపెస్ట్ తేదీతో కలవడం యాదృచ్ఛికం. దాని మీద మేడ కట్టకు.

నువ్వు ఉండేది విశాఖలోనే కదా. ఎంగెల్స్ వెళ్లలేవు, వెళ్లినా గేటు దాటనివ్వరు. కానీ బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి మ్యూజియంకు ఎదురుగా మన నేవీ వాడి విరమించిన టీయూ-142 ఉంది. 1988 నుంచి 2017 దాకా నేవీ సేవలో ఉన్న రకం అది. సముద్రంలో జలాంతర్గాములను వెతకడానికి టీయూ-95 నుంచి రూపొందించారు. తర్వాత ఆ టీయూ-142 చట్రం మీదే టీయూ-95ఎంఎస్ కట్టారు. అంటే ఎంగెల్స్‌లో క్షిపణులు మోసే విమానానికి అది తోబుట్టువు. వెళ్లి ఒక పూట గడుపు. ఒక్కో ఇంజన్‌కు రెండు వరసల ప్రొపెల్లర్లు ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగేలా ఎలా అమర్చారో చూడు. ఆ ఇంజన్ తయారీలో యుద్ధం తర్వాత సోవియట్లు పట్టుకెళ్లిన జర్మన్, ఆస్ట్రియన్ ఇంజనీర్ల చెయ్యి ఉంది. లోపలికి ఎక్కి, సిబ్బంది గంటల తరబడి ఎంత ఇరుకులో కూర్చునేవాళ్లో చూడు. అప్పుడు నీ వ్యాసంలో ‘దిగ్గజం’, ‘గగన రాక్షసి’ లాంటి మాటలు వాటంతటవే రాలిపోతాయి.

చివరి భాగం గురించి నాకు టెన్షన్ ఉంది, దాచను. దాడుల వార్తలు చదివి నువ్వు ఉత్సాహంగా రాశావు. విమానం లేచిన చోటు గురించి పేజీలు ఉన్నాయి, క్షిపణి పడిన చోటు గురించి ఒక్క వాక్యం లేదు. బాంబర్ల స్థావరం చేసే పని వేరే ఊళ్లో కనబడుతుంది. 2022 అక్టోబర్ నుంచి ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద పడిన క్షిపణులు, చలికాలంలో కరెంటూ వేడీ లేని ఇళ్లు, ఇవి ఎంగెల్స్ చరిత్రలో భాగమే. ఆ దాడులకు సంబంధించి దూరశ్రేణి వైమానిక దళానికి కమాండర్‌గా ఉన్న సెర్గేయ్ కొబిలాష్ మీద 2024 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారంట్ ఇచ్చింది. అది నీ వ్యాసంలోకి రావాలి. 2024 జూలై 8న కీవ్‌లో ఒఖ్మత్‌దిత్ పిల్లల ఆసుపత్రి మీద పడిన కేహెచ్-101 కూడా రావాలి. ఆ రకం క్షిపణిని మోసేది ఈ బాంబర్లే. కానీ ఆ రోజు విమానం ఏ స్థావరం నుంచి లేచిందో ఆధారం లేకుండా ఎంగెల్స్ అని రాయకు. యుద్ధం మొదలయ్యాక బాంబర్లను ఉత్తరాన ఒలెన్యాకూ, తూర్పున ఉన్న స్థావరాలకూ చెదరగొట్టారు. అలాగే 2023 జనవరిలో ద్నిప్రో అపార్ట్‌మెంట్‌ను కూల్చిన క్షిపణి టీయూ-22ఎం3 అనే వేరే రకం బాంబర్ నుంచి వచ్చిన కేహెచ్-22 అని ఉక్రెయిన్ చెప్పింది. నువ్వు దాన్ని టీయూ-95 ఖాతాలో వేశావు, సరిచెయ్.

స్థావరం పక్కన బతికేవాళ్లనూ మరిచిపోకు. ఎంగెల్స్‌లో రెండు లక్షలకు పైగా జనం ఉన్నారు. 2025 జనవరిలో స్థావరానికి ఇంధనం అందించే డిపో రోజుల తరబడి తగలబడింది, ఇద్దరు ఫైర్ సిబ్బంది చనిపోయారు. మార్చి 20న స్థావరంలోనే భారీ పేలుళ్లు జరిగి చుట్టుపక్కల ఇళ్లు దెబ్బతిన్నాయి. వాళ్ల కష్టం రాయడం వల్ల కీవ్ ఆసుపత్రి గురించి నువ్వు రాసింది పలచబడదు. రెండింటినీ సమానం చేసి చూపించే ప్రయత్నం మాత్రం వద్దు. ఎవరు ఎవరి దేశం మీదకు వెళ్లారన్నది స్పష్టంగానే ఉండాలి.

ఇక చిన్న చిన్న దిద్దుబాట్లు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లోంచి డ్రోన్లు లేపి చేసిన దాడిలో నువ్వు ఎంగెల్స్ పేరు కూడా రాశావు. ఆ రోజు లక్ష్యాలు ఒలెన్యా, బెలయా, ద్యాగిలెవో, ఇవానొవో, ఉక్రాయింకా స్థావరాలు, కాబట్టి ఎంగెల్స్ పేరు తీసెయ్. టీయూ-160ల సంఖ్య ఒకచోట 19, ఇంకోచోట 8 అని ఉంది. రెండూ సరైనవే, ఒకటి ప్రిలుకీలో ఉన్నవి, ఒకటి ఉక్రెయిన్ నుంచి ఎంగెల్స్‌కు వచ్చినవి. ఏది ఏదో చెప్పు. 2003 సెప్టెంబర్‌లో స్థావరానికి దగ్గర్లో కూలిన టీయూ-160, అందులో పోయిన నలుగురు సిబ్బంది గురించి ఎక్కడా లేదు, చేర్చు. యుద్ధం ఎలా ముగుస్తుందో ఊహిస్తూ రాసిన ఆఖరి రెండు పేరాలు కొట్టేశాను. నీకు తెలిసిన ఆఖరి సంఘటన తేదీతో వ్యాసం ఆపెయ్. జర్మన్ల తరలింపు భాగం తిరగరాశాక, మిగతాదాని కోసం ఆగకుండా ముందు అదొక్కటే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి